ఏడో గది

నాకు ఏళ్ళ అంకెలు గుర్తుండవు. వరదలు గుర్తుంటాయి. మా షెడ్డు గోడ మీద మూడు చారలున్నాయి. మోకాలి ఎత్తున ఉన్నది చిన్న వరద. నడుం దగ్గరిది నా పెళ్ళయిన ఏడు వచ్చింది. నా తలకి పైన ఉన్నది పెద్ద వరద. ఇది పెద్ద వరద వచ్చి పోయిన మరుసటి ఏడు, ఎండాకాలం సంగతి.

మా నాన్న నాటి తరిమెన ఆ వరదలోనే పోయింది. తరిమెన అంటే కొయ్యని గిరగిరా తిప్పే యంత్రం. తిరిగే కొయ్య మీద ఉలి ఆనిస్తే గుండ్రంగా చెక్కుకుంటూ పోతుంది. పాతదాన్ని కాలితో తొక్కేవాళ్ళం. దాని బదులు మోటారుతో తిరిగేది తెచ్చి పెట్టాను. మూడో రోజునే అది ఒక కొయ్యముక్కని విసిరికొట్టింది. ముక్క మా ఆవిడ చెవి పక్కనుంచి పోయి ఎదుటి గోడకున్న దీపాన్ని పగలగొట్టింది. ఆ సాయంత్రమే యంత్రానికి మూరెడు ఎడంగా, ఆవిడ గడ్డం ఎత్తున, రెండు వేళ్ళ మందం పలక ఒకటి అడ్డంగా బిగించాను. మా ఆవిడ పీట ఆ పలక వెనక్కి జరిగింది.

మాది ఇద్దరి పని. నేను చెక్కుతాను, ఆవిడ రంగు పెడుతుంది. తిరిగే కొయ్య మీద రంగు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి గీత పడుతుంది. చెయ్యి వెంట్రుకవాసి కదిలినా గీత చెడుతుంది. ముప్ఫై నాలుగేళ్ళలో ఆవిడ గీత చెడింది లేదు. పలక మీదుగా అందడానికి కడ్డీకి పొడుగు పిడి కట్టి ఇచ్చాను. పలక బాగా కుదిరిందని చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

ఎండలు ముదరకముందే ఒక రోజు కొట్టాయన వచ్చాడు. మేం చేసిన బొంగరాలు, గిలకలు, దీపపు కాళ్ళు అమ్మేది ఆయనే. బుట్ట తెచ్చి నా ముందు బోర్లించాడు. బొంగరాలు నేలంతా దొర్లాయి.

"మేస్త్రీ, ఆ గీతలు చూడు. తాగినోడు ఇంటికి నడిచినట్టున్నాయి."

ఒకటి తీసి చూశాను. ఎర్ర గీత పచ్చ గీత మీదికి ఎక్కింది.

"నేనేం ఆవిణ్ణి తిట్టట్లేదయ్యా. వయసు. రేపు నాకూ వస్తుంది, నీకూ వస్తుంది. మీ తమ్ముడి భార్య ఉందిగా? మీ ఆవిడ దగ్గర నేర్చుకున్న పిల్లే. వానలు పడేనాటికి ఆ పిల్లని పీట మీద కూర్చోబెట్టు. కాదంటావా, చెక్కిన సరుకు చెక్కినట్టే పట్టుకుపోయి పిచికారీతో రంగు కొట్టించుకుంటా."

"ఊ," అన్నాను.

నా ఊ గురించి మా ఆవిడ ఒక మాట అంటుంది. "ఆయన ఊ అంటే బావిలో రాయి పడ్డట్టే. చప్పుడు వినబడుతుంది, లోతు తెలీదు." కొట్టాయన మాత్రం అవుననే తీసుకున్నాడు. తీసుకుంటాడని నాకు తెలుసు.

అన్నం దగ్గర మా ఆవిడ అడిగింది. "కొట్టాయన ఏమన్నాడు?"

"ఏమంటాడు."

"బుట్ట దింపిన చప్పుడు వినిపించింది. తీసుకెళ్ళిన చప్పుడు వినిపించలేదు."

నేను మంచినీళ్ళు తాగాను.

ఆవిడ పొగరుబోతని వీధిలో పేరు. ఎదురుపడ్డ మనిషిని పలకరించదు. నవ్వితే నవ్వదు. కళ్ళు నెత్తికెక్కాయంటారు. పక్కింటి ముసలావిడ ఓసారి దారిలో చెయ్యి ఊపీ ఊపీ, చివరికి "ఏం, మీ ఆవిడకి మేం మనుషుల్లా కనిపించమా?" అని నన్నే నిలదీసింది. గొంతు వినిపిస్తే మాత్రం మా ఆవిడ ఎంతసేపైనా మాట్లాడుతుంది. అది ఆవిడ తీరు అనుకున్నాను. ముప్ఫై నాలుగేళ్ళు కాపురం చేసి అలాగే అనుకున్నాను.

కొట్టాయన వచ్చిన వారానికి ఒక స్కూటరు మా షెడ్డు ముందు ఆగింది. దిగిన మనిషికి ముప్ఫై ఏళ్ళుంటాయి. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, గోళ్ళలో మట్టి, ఎండకి కమిలిన మొహం. సముద్రం ఒడ్డున పరిశోధన కేంద్రం ఉంది కదా, అక్కడ డాక్టర్‌నని చెప్పింది.

మా ఆవిడ గబగబా లేచి చీర మోకాలి దాకా ఎత్తింది. "మంచిదానివి, సమయానికి వచ్చావు తల్లీ. ఈ కీలు చూడు. మెట్టెక్కితే పటుక్కుమంటోంది."

"నేను ఆ డాక్టర్‌ని కాదమ్మా. బురద డాక్టర్‌ని. సముద్రం అడుగునుండే బురద మీద చదువుకున్నాను."

"బురదకి జబ్బేంటి?"

"అదే చూస్తుంటాను," అని ఆ అమ్మాయి నవ్వింది.

ఆ రోజునుంచి ఆవిడ మాకు బురద డాక్టరమ్మ అయింది. జేబులోంచి చిన్న సీసా తీసింది. అడుగున చిటికెడు తెల్లటి ఇసుక.

"ఇది ఇసుక కాదు పెద్దయ్యా. అన్నీ గూళ్ళు. ఒక్కొక్కటీ ఒక్కో జంతువు కట్టుకున్న ఇల్లు. ఆ జంతువుకి నోరు లేదు, కాళ్ళు లేవు, ఒంట్లో ఒక బొట్టు జిగురంతే. కానీ గది కట్టుకుంటుంది. పెరిగి ఆ గది చాలకపోతే పక్కనే ఇంకాస్త పెద్ద గది కడుతుంది. అలా గది పక్కన గది, చుట్టు తిరుగుతూ."

"నత్తలాగా," అంది మా ఆవిడ.

"చూడ్డానికి నత్తలాగే. కానీ నత్తకి ఎంత పెరిగినా ఒకటే గది, దీనికి గదులు చాలా, అన్నిట్లోనూ ఉంటుంది."

కేంద్రంలో జనం చూడ్డానికి ఒక గది తయారవుతోందట. వానలకి ముందే తలుపులు తెరుస్తారట. "గోడకి బొమ్మలు అతికించి ముందుగా కొందరికి చూపించాం. ఎవరూ ఆగట్లేదు, ఫ్యాను కింద నిలబడి వెళ్ళిపోతున్నారు. చేతిలోకి తీసుకుని తిప్పి చూసుకునేది కావాలి. ఒక్కొక్కటీ గుమ్మడికాయంత, కొయ్యతో. పన్నెండు రకాలు. మీరు చేస్తారా?"

ఫొటోలు నా ముందు పరిచింది. చూశాను. గుండ్రటి గదులు, గోళీ నుంచి మొదలై బంతి దాకా. ఇన్నాళ్ళూ బొంగరం, గిలక, దీపపు కాలు, మళ్ళీ బొంగరం. ఇలాంటివి నా చేతికి ఎప్పుడూ రాలేదు. చేతులు ఊరుకోలేదు.

"ఊ," అన్నాను.

"ఒప్పుకున్నారా?" అని డాక్టరమ్మ మా ఆవిణ్ణి అడిగింది.

"ఈ ఊ అవుననే. చూడు, అప్పుడే వేళ్ళతో కొలుస్తున్నాడు."

పని ఇలా సాగింది. ఒక్కో గదికి ఒక్కో గుండు చెక్కేవాణ్ణి. యంత్రం మీద ఉండగానే మా ఆవిడ రంగు పెట్టేది. తర్వాత అంచులు కోసి, చీలలు దిగ్గొట్టి, బంకతో ఒకదానికొకటి అతికించేవాణ్ణి. లోపలి గదులు తేనె రంగు, బయటికి వచ్చేకొద్దీ తెలుపు. గదికీ గదికీ మధ్య సన్నటి ముదురు గీత. ఆ గీత దగ్గరే వచ్చింది చిక్కంతా.

ఆవిడ గీత నిలవలేదు. ఒకచోట లావు, ఒకచోట సన్నం, ఒకచోట అసలు లేదు. ఆవిడ నీళ్ళకి వెళ్ళినప్పుడు ఆ గీత గోకేసి, నా పక్కనుంచి నేనే మళ్ళీ పెట్టేవాణ్ణి. నా పక్క పలక లేదు. కొయ్య నా ముక్కు కిందే ఉండేది. అలా పదకొండు గూళ్ళకీ గీతలు నేనే దిద్దాను. అది మంచి పనే అనుకున్నాను. వానలు పడేదాకా ఆవిడ మనసు కష్టపెట్టకూడదు, తర్వాత ఎలాగూ తమ్ముడి భార్య వస్తుంది, అప్పుడు చూసుకోవచ్చు. మాట్లాడనివాడికి వాయిదా వెయ్యడం తేలిక.

ఒక రోజు ఆవిడ ఎండబెట్టిన గూడు ఒకటి ఒళ్ళో పెట్టుకుని బొటనవేలితో గీత వెంబడి తడిమింది. రెండుసార్లు తడిమింది.

"లక్క బరువుగా పడింది," అంది.

"ఊ."

"నా చెయ్యి ఇంత నొక్కదు."

ఉలి నూరుకుంటున్నాను. నూరుతూనే ఉన్నాను. ఆవిడ గూడు కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ వారమంతా నాతో పనికి కావలసినంత మాత్రమే మాట్లాడింది. మాట్లాడనివాడికి ఎదుటివాళ్ళ మౌనం ఎంత బరువో అప్పుడు తెలిసింది.

పన్నెండోది మిగిలింది. దాని ఫొటో తీసి చూస్తే నాకు నచ్చలేదు. ఆరు గదులు చక్కగా పెరుగుతూ వచ్చాయి. ఏడో గది ఆరోదానికన్నా చిన్నది, నొక్కుకుపోయి పక్కకి ఒరిగింది. ఎనిమిది నుంచి మళ్ళీ బాగానే ఉన్నాయి. గూడు ఎక్కడో దెబ్బతిని ఉంటుంది, లేదా ఫొటో సరిగా రాలేదనుకున్నాను. పని తెలిసినవాడు వంకర చెయ్యడు. పైగా తరిమెన మీద వంకర పుట్టదు. ఏడో గదిని గుండ్రంగా, ఆరుకీ ఎనిమిదికీ మధ్య కొలతకి చెక్కాను. అతికించాక చూసుకుంటే పన్నెండిట్లోకీ అదే అందంగా కుదిరింది.

మిగతావి ముందే పంపేశాం, కేంద్రంలో గది తెరవడానికి నాలుగు రోజులుందనగా దీన్ని పట్టుకుని బస్సెక్కాం. దుప్పటిలో చుట్టి మా ఆవిడ ఒళ్ళో పెట్టుకుంది. కండక్టర్ వంగి చూశాడు.

"మనవడా అమ్మా?"

"కాదు నాయనా, పురుగు."

కండక్టర్ రెండో ప్రశ్న వెయ్యలేదు.

డాక్టరమ్మ పనిచేసే గది నిండా సీసాలు. ఒక బల్ల మీద నా చేతి పొడవు గాజుగొట్టంలో బురద, పొరలు పొరలుగా. నా గూడు విప్పి వెలుతురులో పెట్టింది. చుట్టూ తిరిగి చూసింది. చాలాసేపు చూసింది.

"ఎంత బాగా చేశారు పెద్దయ్యా," అంది. ఆ మాటలో ఇంకేదో ఆగి ఉంది.

"చెప్పమ్మా," అన్నాను.

"మీరు దీన్ని చక్కబెట్టేశారు."

"వంకరగా ఉంటే..."

"వంకర కోసమే దీన్ని ఏరాను." గాజుగొట్టం దగ్గరికి తీసుకెళ్ళి, వేలెడు మందం ఎర్రటి పొర ఒకటి చూపించింది. "సముద్రం అడుగున గొట్టం దించి తీసిన బురద ఇది. ఏటేటా ఒక పొర పడుతుంది. ఈ ఎర్రది మొన్నటి పెద్ద వరద. ఏరు తెచ్చిన మంచినీళ్ళు సముద్రంలోకి పోయాయి కదా? ఇది ఉప్పునీళ్ళకి అలవాటుపడ్డ ప్రాణి. ఆ నీళ్ళలో గది సరిగా కట్టుకోలేకపోయింది. చావలేదు. అలాగే వంకరగా కట్టుకుంది. నీళ్ళు మళ్ళీ ఉప్పగా అయ్యాక, ఆ వంకర గది పక్కనే ఎనిమిదోది కట్టుకుంది. వరద వచ్చిందని మనకి గోడ మీద చార ఉంటుంది. దీనికి ఏడో గది ఉంది. మీరు అది తీసేశారు."

నాకు పదకొండేళ్ళప్పుడు మా నాన్న నా మొదటి బొంగరాన్ని పొయ్యిలో వేశాడు. ఆ తర్వాత నేను చెక్కింది తప్పని తేలడం మళ్ళీ ఆ రోజే.

"అసలుది చూస్తారా?" అని డాక్టరమ్మ మైక్రోస్కోపు ముందు స్టూలు వేసింది. కన్ను పెట్టాను. నా కనురెప్పల వెంట్రుకలు కనిపించాయి. ఆ అమ్మాయి చక్రమేదో తిప్పింది. తెల్లటి ముద్ద కనిపించింది, మళ్ళీ వెంట్రుకలు వచ్చాయి.

"కనిపించిందా?"

"ఊ."

"లేదు," అంది మా ఆవిడ. "కనిపిస్తే ఆయన లేవడు. తప్పుకో, నేను చూస్తాను."

కూర్చుంది. ఈ చక్రం తిప్పుకోండమ్మా, తేటపడ్డప్పుడు ఆపండి అని డాక్టరమ్మ ఆవిడ వేళ్ళు చక్రం మీద పెట్టింది. మా ఆవిడ తిప్పింది. ఇంకా తిప్పింది. ఆగిపోయింది.

మోకాలి మాట మర్చిపోయి ముందుకి వంగి కూర్చుంది. తర్వాత నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది.

"గోడ నిండా చిల్లులున్నాయి. సూదిమొన గుచ్చినట్టు. మొదటి గదులకి చిన్నవి, తర్వాతవాటికి పెద్దవి. గదికీ గదికీ మధ్య గీత కాదు, పల్లం. మనం గీత పెట్టాం, తప్పు. ఏడో గది అణిగింది... నొక్కింది కాదు. కొలత తక్కువేసుకుని కట్టుకుంది. పైకప్పు పలచన. ద్వారం పక్కకి తిరిగింది. ఎనిమిదోది..." ఆగింది. "ఎనిమిదోది బాగానే ఉంది. కానీ వంకరని సరిచెయ్యలేదు. దాని మీదే ఆనుకుని కట్టుకుంది."

డాక్టరమ్మ నోరు తెరుచుకుని వింది. "నేను రెండేళ్ళు చూస్తే దొరికింది ఆ పల్లం. జరగండమ్మా, నేనూ చూస్తాను."

మా ఆవిడ లేచింది. డాక్టరమ్మ కన్ను పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. "ఏమీ కనిపించట్లేదే. అంతా మసక." చక్రం చూసుకుంది. ఎక్కడ ఉండవలసింది ఎక్కడ ఉందో చూసుకుంది. తర్వాత మామూలుగా, వెనక్కి తిరక్కుండా అడిగింది.

"అమ్మా, గడియారంలో టైమెంతయింది?"

"చప్పుడు వినిపిస్తోంది," అంది మా ఆవిడ. "ఎక్కడుందది?"

గడియారం ఆవిడకి ఎదురుగా ఉంది. అన్నం పళ్ళెమంత ఉంది. డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను గడియారం వైపు చూశాను. పదకొండుంపావు.

డాక్టరమ్మ ఒక కాగితం తీసుకుని గోడ దగ్గర నిలబడి, అడుగు అడుగూ ముందుకి వచ్చింది. మా ఆవిడ ఊహూ, ఊహూ అంటూనే ఉంది. కాగితం మొహానికి జానెడు దూరం వచ్చాక "ఇదిగో, ఇక్కడ" అంది. "ఇక్కడ చీమ కాళ్ళు కూడా లెక్కపెడతాను."

"ఇది దాటితే ఎలా ఉంటుందమ్మా?"

"అందరికీ ఎలా ఉంటుందో అలాగే. మంచు పట్టినట్టు."

"అందరికీ అలా ఉండదమ్మా."

మా ఆవిడ నవ్వబోయి ఆగింది. నా వైపు తిరిగింది. నేను అక్కడ ఉన్నానని నా దగ్గు బట్టి తెలిసి ఉంటుంది.

"నీకు?"

"నాకు కనబడుతుంది," అన్నాను.

"ఆ గడియారం?"

"ముల్లు కూడా."

"ఓహో," అంది. అంతే అంది.

మా ఆవిడ కంటికి తేటపడ్డ చోట తన కంటికి మసకగా ఉందని, కళ్ళజోడు పెట్టుకుంటే సరిపోతుందని, తనకి తెలిసిన కళ్ళ డాక్టర్ ఉన్నాడని, ఈసారి నిజం డాక్టరేనని డాక్టరమ్మ చెప్పింది. జోడు పది రోజులకి వచ్చింది. పెట్టుకుని మొదట వీధి చివరి దాకా చూసింది, తర్వాత నన్ను చూసింది. "నువ్వింత ముసలాడివయ్యావని నాతో ఒక్కరైనా అనలేదే," అంది. పక్కింటి ముసలావిడ గుమ్మంలో ఉంటే ఇవతలినుంచే చెయ్యి ఊపింది. ఆ ముసలావిడ ఎవర్నో అనుకుని వెనక్కి తిరిగి చూసుకుంది. అదంతా తర్వాతి సంగతి.

ఆ రోజు బస్సులో మా ఆవిడ కిటికీ పక్కన కూర్చుని బయటికి చూసింది. ఏం కనిపిస్తోందని నేను అడగలేదు. జానెడు అనుకున్నాను. జానెడు దాటితే మంచు. పాత తరిమెన దగ్గర ఆవిడ దాదాపు చక్రం మీదికి వంగి కూర్చునేది. వెంట్రుకలు చుట్టుకుంటాయని నేను కోప్పడేవాణ్ణి. పలక పెట్టాక మూరెడు వెనక్కి పోయింది. ఆ మూర నేను కొలిచిందే. ఆ పలక నేను బిగించిందే. తాగినోడిలా నడిచిన గీతలు ఆ రోజునుంచే మొదలయ్యాయి. దారి పొడవునా లెక్క సరిచూసుకుంటూ వచ్చాను. ఎటునుంచి చూసినా లెక్క తప్పలేదు.

ఇంటికొచ్చాక ఆవిడ కొవ్వొత్తి పెట్టే కొయ్యకి కరిగి అంటుకున్న మైనం గోకి ముద్ద చేసుకుంది. గుమ్మంలో కూర్చుని, ముద్దని ముక్కుకి జానెడు దూరంలో పెట్టుకుని నొక్కుతోంది. చూసొచ్చిన ఏడో గదిని చేస్తోంది. ఇంకా వెలుతురు ఉంది. నేను షెడ్డులో పలక ముందు నిలబడ్డాను.

"ఏమయ్యా," అంది, చేతిలో పని ఆపకుండా. "వానలకి నా పీట మీద ఆ పిల్లని కూర్చోబెడతానన్నావట."

పలక అంచు పట్టుకున్నాను.

"ఎవరు చెప్పారు?"

"ఆ పిల్లే. కొట్టాయన తనకి చెప్పిన రోజే పరిగెత్తుకొచ్చింది. 'అక్కా, నేను కూర్చోను, నీ కాళ్ళు పట్టుకుంటా, బావగారికి నువ్వే చెప్పు' అని ఏడ్చింది. నేనే ఊరుకోబెట్టి పంపాను."

"మరి నన్ను అడగలేదేం?"

"నువ్వు చెప్తావని చూశాను." మైనం ముద్ద తిప్పి ఇంకో పక్క నొక్కింది. "రోజూ అన్నం దగ్గర చూశాను. పదకొండు గూళ్ళకి నా గీత గోకి నీ గీత పెట్టుకున్నావు. ఇవాళ చెప్తాడు, ఇవాళ చెప్తాడు అని చూశాను. నాకు కనబడకపోతే కనబడకపోయింది. వినబడుతుంది కదయ్యా."

చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. వయసనుకున్నాను. పరాకనుకున్నాను. నీ కళ్ళ మాట అడగాలని ఒక్క రోజూ తోచలేదు. పలక నీ మేలుకే పెట్టాను. అన్నీ నోటి దాకా వచ్చి ఏదీ బయటికి రాలేదు. చివరికి ఒకటే వచ్చింది.

"పలక మూరెడు దూరం పెట్టాను."

ఆవిడ చెయ్యి ఆగింది. నేను చెప్పిందేమిటో ఆలోచించుకుంది. షెడ్డు వైపు చూసింది. అక్కడినుంచి ఆవిడకి పలక కనిపించదు, నేనూ కనిపించను.

"అలాగా," అంది. "నేను నా చెయ్యే పోయిందనుకున్నాను."

లేచి మైనం గది తెచ్చి నా అరచేతిలో పెట్టింది. నిమ్మకాయంత ఉంది. ఒక పక్క అణిగింది, మూతి పక్కకి తిరిగింది. కనబడీ కనబడకుండా గోటితో పల్లం గీసింది. పొయ్యి వెలిగించడానికి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే లేచాను. పలక మరలు ఊడదీశాను. బాగా బిగించినవి, నాలుగోది ఓ పట్టాన రాలేదు. మోటారు పట్టాని యంత్రం వైపు చిన్న చక్రం మీదినుంచి తీసి పెద్ద చక్రానికి వేశాను. అలా వేస్తే వేగం సగం తగ్గుతుంది. ముక్క విసరదు. పని ఆలస్యమవుతుంది. అవనీ అనుకున్నాను. పొడుగు పిడి విప్పేసి లక్క కడ్డీని పాత కడ్డీలా చేశాను. పీటని ముందుకి లాగి, పాత తరిమెన నాడు ఎక్కడ ఉండేదో నేల అరుగుదల చూసి అక్కడ పెట్టాను.

ఏడో గదికి కొయ్య వెతకలేదు. పలకే ఉంది. చివరి ముక్క కోసి, రెండు పొరలు బంకతో కలిపి అదిమిపెట్టాను. పన్నెండో గూడులోంచి నా గుండ్రటి గదిని ఉలిపెట్టి ఊడగొట్టాను. బంక ఆరేలోగా కొట్టాయన బండి వచ్చి ఆగింది.

"మేస్త్రీ, మబ్బు పడుతోంది. ఆ పిల్లతో మాట్లాడావా?"

"ఊహూ," అన్నాను.

"ఊహూ ఏంటి? మొన్న ఊ అన్నావుగా?"

"మొన్నటిది తప్పు."

"మరి గీతలు?"

"గీతలు చెడగొట్టింది నేను."

కొట్టాయన నా వైపూ, పలక లేని యంత్రం వైపూ చూశాడు. నేను ఒకేసారి అన్ని మాటలు అనడం ఆయన ఎరగడు. "పది బొంగరాలు చూస్తాను. పదకొండోది బాగోకపోతే పిచికారీయే," అని వెళ్ళిపోయాడు.

బంక ఆరింది. దాన్ని తరిమెన మీద పెట్టలేదు. ఒళ్ళో పెట్టుకుని, మైనం ముద్ద ఎదురుగా పెట్టుకుని, చేత్తోనే చెక్కాను. గుండ్రానికి అలవాటుపడ్డ చెయ్యి మాటిమాటికీ సరిచెయ్యబోయింది. ఆపుకున్నాను. రెండుసార్లు మా ఆవిడ వచ్చి వేలితో తడిమి "ఇక్కడ ఇంకా తియ్యి," "ఇక చాలు, మళ్ళీ చక్కబెట్టేస్తున్నావు" అని వెళ్ళింది.

పొద్దు బాగా ఎక్కాక, ఏడో గదిని గూడులో అతికించి పక్కన పెట్టి, కొట్టాయన బొంగరాల కోసం ఒక కొయ్య యంత్రానికి బిగించాను. ఆవిడ పీట మీద కూర్చుంది. అలవాటు కొద్దీ పలక కోసం చెయ్యి చాపింది. చెయ్యి గాలిలో ఆగింది. నెమ్మదిగా ముందుకి వంగింది. మొహం కొయ్యకి జానెడు దూరం వచ్చింది, నా మొహానికి కూడా.

"ఇంత దగ్గరైతే నీ చెమట కంపు భరించాలి," అంది.

కొంగు బిగించుకుని ఎర్ర కడ్డీ తీసుకుంది. నేను మోటారు వేశాను.